ప్రోగ్రామింగ్ భాషలో బగ్ దొరికితే: నెల్లూరు మేడ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రాలు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా మేడ మీద ఓ పదిమంది చేరతారు. ఎక్కువగా ఇంజినీరింగ్ పిల్లలే. కోవూరు నుంచి ఒకే బండి మీద ఇద్దరు, ఒంగోలు నుంచి రైల్లో ఒకమ్మాయి, చీమకుర్తి నుంచి అప్పుడప్పుడు ఒకబ్బాయి వస్తారు. నేను పగలు ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే పైథాన్ అనే భాషలో ప్రోగ్రాములు రాస్తాను. తీరిక దొరికిన రాత్రుళ్లు ఓపెన్ సోర్స్ (ఎవరైనా చదివి, దిద్దగల కోడ్) బగ్‌లు చూస్తుంటాను. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతుంటే చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇలా రాసి పెట్టాను. నాకు బాగా తెలిసింది పైథాన్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దానివే.

అన్నా, భాషలోనే బగ్ ఉంటుందా? తప్పు మన కోడ్‌లో కదా ఉండేది?

దాదాపు ఎప్పుడూ మన కోడ్‌లోనే ఉంటుంది. కానీ భాష కూడా ఎవరో రాసిన ప్రోగ్రామే. మనం వాడే పైథాన్‌ని సీ భాషలో రాశారు. రాసినవాళ్లు మనుషులే కాబట్టి తప్పులు దొర్లుతాయి.

వెబ్‌సైట్లు నడపడానికి వాడే పీహెచ్‌పీ అనే భాషలో 2011 జనవరిలో బయటపడిన బగ్ ఒకటి చెప్తాను. ఒక సంఖ్య ఉంది: దశాంశ బిందువు తర్వాత 307 సున్నాలు, ఆపైన 22250738585072011. ఈ సంఖ్యను ఇస్తే కొన్ని 32 బిట్ ఇన్‌స్టలేషన్లలో పీహెచ్‌పీ మళ్లీ లేచేది కాదు, లూప్‌లో పడి చేసిందే చేస్తూ తిరుగుతూనే ఉండేది. ఎవరో ఒక ఆకతాయి వెబ్ ఫారంలో ఈ సంఖ్య కొడితే చాలు, సర్వర్ మొరాయిస్తుంది. కారణం చూస్తే నవ్వొస్తుంది. పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దశాంశాల లెక్కలు చేసే భాగం 64 బిట్ల సంఖ్యను లోపల 80 బిట్లలో పెట్టుకుంటుంది. దాంతో ప్రాసెసర్ లోపలి రిజిస్టర్‌లో ఉన్న విలువ ఒకటి, మెమరీలోకి దిగాక విలువ ఇంకొకటి. జవాబుకు దగ్గరవుతున్నానని లూప్ అనుకుంటుంది, ఎన్నిసార్లు తిరిగినా అక్కడే ఉంటుంది. దీన్ని సరిచేయడానికి ఒక వేరియబుల్ ముందు 'వోలటైల్' (విలువను ప్రతిసారీ మెమరీలోంచే తీసుకో) అనే ఒక్క మాట చేర్చారు, అంతే. 5.3.5, 5.2.17 వర్షన్లు ఆ ఒక్క మాట కోసమే హడావిడిగా వచ్చాయి. మరుసటి నెలలో, అదే సంఖ్యలో చివరి అంకె 1 బదులు 2 పెడితే జావా భాష కూడా ఇలాగే లూప్‌లో చిక్కుకుంటోందని తేలింది.

నాకు తగిలింది భాష బగ్గా, నా తప్పా? ఎట్లా తెలుస్తుంది?

డాక్యుమెంటేషన్ తెరిచి చూడండి. అందులో రాసింది ఒకటి, జరిగేది ఇంకొకటి అయితే బగ్. రాసినట్టే జరుగుతూ మీకు నచ్చకపోతే, అది వేరే చర్చ.

మా మేడ మీద మాటిమాటికీ వచ్చేవి మూడున్నాయి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడం మొదటిది. కంప్యూటర్ సంఖ్యను రెండు ఆధారంగా దాస్తుంది, ఆ లెక్కలో 0.1 సరిగ్గా ఇమడదు. దాదాపు అన్ని భాషల్లోనూ ఇదే తంతు, బగ్ కాదు. రెండోది, పైథాన్ 3లో 2.5ని రౌండ్ చేస్తే 3 బదులు 2 రావడం. సరిగ్గా సగం దగ్గర ఉంటే సరి సంఖ్య వైపు వెళ్లాలని నియమం పెట్టుకున్నారు, డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఇదీ బగ్ కాదు.

మూడోది మనది. పైథాన్‌ని 'నెల్లూరు' అనే మాట పొడవు అడగండి, 8 అంటుంది. పలక మీద రాసి లెక్కపెడితే నె, ల్లూ, రు, మూడే. ఒంగోలు అమ్మాయి ఇది చూసి 'బగ్ పట్టేశాను' అని ఎగిరి గంతేసింది. కానీ పైథాన్ లెక్కపెట్టేది యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే పట్టిక) గుర్తులను. న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, ఎనిమిదే. ఒంగోలుకు ఆరు వస్తుంది. ఇది కూడా నియమం ప్రకారమే.

మరి తెలుగుకు సంబంధించి నిజంగా చెడినది ఏదీ లేదా?

ఉంది. ఈ ప్రశ్న వస్తే ఆ సాయంత్రం ఇంకేం జరగదు.

తెలిసిన రైసు మిల్లువాళ్లకు ఒకసారి చిన్న ప్రోగ్రామ్ రాశాను. లారీలు ఏ ఊళ్లకు వెళ్లాయో తెలుగులో టైపు చేసిన చిట్టాలోంచి ఊరి పేర్లు విడదీసి లెక్క తేల్చాలి. పైథాన్‌లో మాటలు విడదీయడానికి 'రీ' అనే మాడ్యూల్ (ముందే రాసి ఉంచిన కోడ్ కట్ట) ఉంది. అందులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే 'మాటలో ఉండే అక్షరం' అని అర్థం. అదే వాడాను. ఇంగ్లీష్ పేర్లతో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసింది. తెలుగు చిట్టా ఇవ్వగానే నెల్లూరు కాస్తా 'న', 'ల', 'ల', 'ర' అని నాలుగు ముక్కలైంది. ఒంగోలు 'ఒ', 'గ', 'ల' అయింది. కావలి అయితే 'క', 'వల'. మిల్లు గుమాస్తా ఆ కాగితం చూసి "వల ఎక్కడుందయ్యా, మనం చేపలు కూడా పంపుతున్నామా?" అన్నాడు.

గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నాను పైథాన్ 'అక్షరాలు' అనుకోదు. యూనికోడ్‌లో వాటిది 'మార్క్' అనే వేరే వర్గం. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే ఒప్పుకుంటుంది. గుర్తు కనబడిన చోటల్లా మాట అయిపోయిందనుకుని తెంపేస్తుంది. హిందీకీ తమిళానికీ ఇదే గతి.

వెతికితే, ఇంగ్లీష్‌వి కాని లిపులకు ఇది పనికి రావట్లేదని 2007లోనే ఎవరో రిపోర్ట్ పెట్టి ఉన్నారు. ఆ చర్చ చదవడం నాకు పెద్ద పాఠం. యూనికోడ్ వాళ్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ లాంటి వెతికే నమూనాలు) కోసం రాసిన ప్రమాణంలో 'మాటలో ఉండేవి' అంటే మార్కులు కూడా అని ఉంది. ఆ లెక్కన పైథాన్ చేసేది తప్పు. కానీ పైథాన్ సొంత డాక్యుమెంటేషన్‌లో అక్షరాలూ అంకెలూ అనే ఉంది, ఆ లెక్కన ఒప్పు. మారిస్తే ఇప్పుడున్న పద్ధతిని నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఏమవుతాయోనని భయం ఒకటి. చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఈలోగా 'రెజెక్స్' అనే విడి మాడ్యూల్ ఒకటి వచ్చింది, అది మార్కులను కలుపుకునే చదువుతుంది. మిల్లు పని దానితోనే ముగించాను.

నా బాధ ఇంకొకటి. ఆ బగ్ ఇంగ్లీష్ రాసుకునేవాళ్లకు ఎప్పటికీ తగలదు. తగిలేది మనకే, మనమేమో విడి మాడ్యూల్ పెట్టుకుని పని కానిచ్చేసి ఊరుకుంటాం. నేనూ అదే చేశాను కదా. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఐఫోన్లను పడగొట్టినప్పుడు ప్రపంచమంతా గగ్గోలెత్తింది, కొద్దిరోజుల్లో 11.2.6 వర్షన్‌తో సరిచేశారు. పడిపోయినవి వాళ్ల ఫోన్లు కూడా కాబట్టి.

బగ్ అని రూఢి చేసుకున్నాక ఎక్కడ చెప్పాలి?

ప్రతి భాషకూ ఒక ఇష్యూ ట్రాకర్, అంటే బగ్‌లు రాసిపెట్టే చిట్టా ఉంటుంది. పైథాన్‌ది 2022 ఏప్రిల్ నుంచి గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే వెబ్‌సైట్‌లో ఉంది. కోడ్ అంతకుముందే, 2017లో అక్కడికి చేరింది. రూబీకి సొంత ట్రాకర్ ఉంది. కొత్తది రాసే ముందు పాతవి వెతకండి. అదే బగ్ ఇంతకుముందే ఉంటే దాని కిందే మీ సమాచారం చేర్చండి. 'నాకూ ఇదే' అని మాత్రం రాయొద్దు, వందమందికి ఊరికే మెయిల్ వెళ్తుంది.

వర్షన్ కూడా చూసుకోండి. పైథాన్ ఏటా అక్టోబర్‌లో కొత్త వర్షన్ ఇస్తుంది. ఒక్కో వర్షన్‌కు మామూలు బగ్‌లు సరిచేసేది రెండేళ్లలోపే, మొత్తం ఐదేళ్లు నిండేదాకా సెక్యూరిటీవి మాత్రమే. కాలేజీ ల్యాబ్‌లో ఏనాడో ఎక్కించిన వర్షన్‌లో దొరికిన దాన్ని పట్టుకుని వెళ్తే 'కొత్తదాంట్లో చూశారా?' అనే అడుగుతారు.

మంచి రిపోర్ట్ అంటే ఎట్లా ఉండాలి?

మన వైపు రొయ్యల చెరువులున్న ఇంటి పిల్లలకు ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ల్యాబ్‌కు ఫోన్ చేసి "రొయ్య చచ్చిపోతోంది, ఏం మందు కొట్టాలి?" అంటే వాళ్లేం చెప్తారు? ఏ చెరువు, పిల్ల వేసి ఎన్నాళ్లైంది, మేత ఏది, ముందురోజు వాన పడిందా అని అడుగుతారు. సీసాలో నీళ్లు, బతికున్న రొయ్య పట్టుకుని రమ్మంటారు. బగ్ రిపోర్ట్‌లో ఆ సీసా లాంటిది ఒకటుంది: మీ దగ్గర జరిగింది వాళ్ల దగ్గర కూడా జరిగేలా చేసే అతి చిన్న ప్రోగ్రామ్.

అతి చిన్నది అంటే నిజంగానే అతి చిన్నది. కోవూరు అబ్బాయి ఒకడు 400 వరుసల ప్రాజెక్ట్ తెచ్చాడు, డేటాబేస్ సహా. "ఇది మొత్తం ఉంటేనే వస్తుందన్నా" అన్నాడు. కూర్చోబెట్టి సగం తీసేయించాను, బగ్ ఇంకా ఉంది. మిగిలిన దాంట్లో సగం తీసేయించాను. డేటాబేస్ పోయింది, స్క్రీన్లు పోయాయి. టీ తాగి వచ్చేసరికి 6 వరుసలు మిగిలాయి. ఐదో వరుసలో వాడి తప్పు వాడికే కనబడింది. ఒక ఫంక్షన్‌కు డిఫాల్ట్ విలువగా (ఏమీ ఇవ్వకపోతే వాడుకునేది) ఖాళీ లిస్ట్ ఇచ్చాడు. పైథాన్‌లో ఆ లిస్ట్ ఒక్కసారే పుడుతుంది, తర్వాత పిలిచిన ప్రతిసారీ పాతదే వస్తుంది. రిపోర్ట్ రాసే అవసరమే లేకపోయింది. ఇలా సగం సగం కోసుకుంటూ వెళ్తే చాలా 'భాష బగ్‌లు' మేడ దిగకముందే తేలిపోతాయి.

కోసినా మిగిలితే అప్పుడు రాయండి: నేను ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఏ వర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్. ఎర్రర్ మెసేజ్‌ను ఫొటో తీసి పెట్టొద్దు, టెక్స్ట్‌గా అతికించండి. ఫొటోలోని అక్షరాలను ఎవరూ వెతకలేరు. మెసేజ్‌లో చివరి వరుస ఒక్కటే కాదు, మొత్తం ఇవ్వండి.

నా ఇంగ్లీష్ అంతంతమాత్రం. నవ్వుతారేమో?

నవ్వరు. రూబీని తయారుచేసిన మాట్జ్ జపాన్ ఆయన, ఆ భాష గురించిన చర్చ మొదట్లో చాలావరకు జపనీస్‌లోనే జరిగింది. పైథాన్‌ను తయారుచేసిన గైడో వాన్ రోసమ్ డచ్ ఆయన. ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడని వాళ్లు అక్కడ బోలెడుమంది. పొట్టి వాక్యాలు రాయండి. కోడ్ సరిగ్గా ఉంటే వ్యాకరణం ఎవరికీ పట్టదు. 'డియర్ సర్, రెస్పెక్టెడ్ సర్' లాంటివి వద్దు, పేరుతో పిలిస్తే వాళ్లేమీ అనుకోరు. మనకే నోరు రాదు, అది అలవాటవుతుంది.

పెట్టాక ఏం జరుగుతుంది?

ముందు ఎవరో ఒకరు చూసి లేబుల్స్ తగిలిస్తారు: బగ్గా, కొత్త కోరికా, ఏ మాడ్యూల్‌ది, ఏ వర్షన్లలో ఉంది. దీన్ని ట్రయాజ్ అంటారు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర నర్సు 'ఎముకలా, గుండెనా' అని అడిగి పంపేస్తుంది చూడండి, అలాగన్నమాట. తర్వాత ఇంకెవరో తమ మెషిన్‌లో నడిపి చూస్తారు. 'నా దగ్గర రావట్లేదు' అనే జవాబు వస్తే కోపం తెచ్చుకోవద్దు, అదీ సమాచారమే. బహుశా విండోస్‌లోనే వస్తుంది, లేదా ఒక వర్షన్‌లోనే వస్తుంది.

జవాబులు మన అర్ధరాత్రి వస్తాయి, వాళ్లకు అప్పుడు పగలు. ఒక్కోసారి నెలల తరబడి ఏ జవాబూ రాదు. చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ సమయంలో చేసేవాళ్లే. నెల దాటాక మర్యాదగా ఒకసారి గుర్తు చేయొచ్చు. రోజూ గుర్తు చేస్తే ఎవరైనా ముఖం తిప్పుకుంటారు.

అది ఎప్పుడు చెడిందో ఎట్లా కనిపెడతారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బోరు నుంచి పొలానికి పైపు వేశారు, చివర నీళ్లు రావట్లేదు. జాయింట్లన్నీ వరసగా విప్పుతూ వెళ్తామా? మధ్యలో ఒకటి విప్పి చూస్తాం. నీళ్లుంటే తేడా అవతలి సగంలో, లేకపోతే ఇవతలి సగంలో. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచే గిట్ అనే పరికరంలో 'బైసెక్ట్' అనే కమాండ్ చేసేది ఇదే. పోయిన వర్షన్‌లో బాగుంది, ఇప్పుడు చెడింది, నడుమ 1,000 మార్పులు జరిగాయి. పదిసార్లు పరీక్షిస్తే ఆ ఒక్క మార్పు దొరికిపోతుంది. మార్పు దొరికితే అది రాసినవాళ్లు, వాళ్లు ఎందుకు రాశారో ఆ చర్చ, అన్నీ దొరుకుతాయి. కోర్ డెవలపర్ (భాష కోడ్‌ను చూసుకునే ముఖ్య బృందంలో మనిషి) కానవసరం లేదు, రిపోర్ట్ కింద 'ఈ మార్పు నుంచి చెడింది' అని ఒక్క వరుస రాస్తే చాలు, సరిచేసేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

ఈ సగం సగం వెతికే పద్ధతిలోనే జావా లైబ్రరీలో దాదాపు తొమ్మిదేళ్లు ఒక బగ్ దాగుంది. మధ్య స్థానం కావాలంటే రెండు కొసలు కూడి రెండుతో భాగిస్తాం కదా. లిస్ట్‌లో 107 కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడిక 214 కోట్ల పరిమితి దాటి రుణ సంఖ్య అయిపోతుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తన తప్పును తానే అందరికీ వివరించి రాశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

సరిచేయడం అంటే కోడ్ మార్చి పంపడమేనా?

ముందు టెస్ట్ రాయాలి. బగ్ ఉన్నంతకాలం ఫెయిలై, పోయాక పాసయ్యే టెస్ట్. అది లేకుండా పంపితే రివ్యూలో మొదటి ప్రశ్న 'టెస్ట్ ఏది?' అనే. తర్వాత కోడ్, ఏం మారిందో చెప్పే ఒకటి రెండు వాక్యాల న్యూస్ నోట్, మొదటిసారైతే హక్కుల ఒప్పందం మీద ఆన్‌లైన్ సంతకం. పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అనే అర్జీ) పెట్టగానే లైనక్స్, విండోస్, మ్యాక్‌ల మీద టెస్టులన్నీ వాటంతట అవే నడుస్తాయి. అన్నీ పచ్చగా వచ్చాక మనిషి చూస్తాడు. మెర్జ్ చేసే, అంటే అసలు కోడ్‌లో కలిపే హక్కు కోర్ డెవలపర్లకే ఉంటుంది.

ఒకే బగ్‌ను ఇద్దరు రెండు రకాలుగా సరిచేయడం కూడా ఉంటుంది. 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం లిస్ట్‌ను వరుసలో పేర్చే టిమ్‌సార్ట్ రాశాడు, తర్వాత దాన్ని జావా తీసుకుంది. 2015లో కొందరు పరిశోధకులు ఇది తప్పు లేనిదని గణితంతో రుజువు చేయబోయి, రుజువు కుదరక బగ్ పట్టుకున్నారు. పైథాన్‌లో అది తగిలేంత పెద్ద లిస్ట్ పట్టే కంప్యూటర్ భూమ్మీద లేదు, అయినా అసలు షరతునే సరిచేశారు. జావాలో నిజంగానే తగులుతుంది, అక్కడ ముందుగా చేసింది లోపలి అరే (లెక్కలు పెట్టుకునే గూడు) సైజు పెంచడం. కట్ట గండి పూడ్చకుండా ఎత్తు పెంచినట్టు నాకు అనిపించింది.

తెలిసిన బగ్‌లను కూడా వదిలేస్తారా?

వదిలేస్తారు. వెబ్ పేజీల్లో నడిచే జావాస్క్రిప్ట్ భాషను 'నల్' (ఏమీ లేదు అనే విలువ) ఏ రకం అని అడిగితే 'ఆబ్జెక్ట్' అంటుంది. 1995 నాటి తప్పు, అందరికీ తెలుసు. సరిచేద్దామని ప్రతిపాదన వస్తే, ఆ తప్పు మీద ఆధారపడిన వెబ్‌సైట్లు విరిగిపోతాయని కొట్టేశారు. గో భాష వాళ్లు ఇంకో దారి పట్టారు. లూప్ వేరియబుల్ ప్రతి చుట్టుకూ కొత్తగా పుట్టకపోవడం ఎందరినో ముంచింది. 2024 ఫిబ్రవరిలో 1.22లో మార్చారు, కానీ 1.22 లేదా ఆపై వర్షన్ కావాలని తన ఫైల్లో రాసుకున్న ప్రాజెక్ట్‌కే అది వర్తిస్తుంది. రస్ట్ వాళ్ల దగ్గర క్రేటర్ అనే పరికరం ఉంది. మార్పు పెట్టే ముందు జనం బయట పెట్టిన లైబ్రరీలన్నిటినీ కంపైల్ చేసి ఎన్ని విరిగాయో చూస్తుంది.

తగువు వస్తే ఎవరి మాట చెల్లుతుంది?

రూబీలో మాట్జ్ మాట. పైథాన్‌లో 2018 దాకా గైడో మాటే. కొత్త గుర్తు ఒకటి చేర్చే విషయంలో పెద్ద రచ్చ జరిగాక ఆ జులైలో ఆయన 'ఇక నా వల్ల కాదు' అని తప్పుకున్నారు. 2019 నుంచి కోర్ డెవలపర్లు ఎన్నుకునే ఐదుగురి కౌన్సిల్ ఉంది. మామూలు బగ్‌లు అంతదాకా వెళ్లవు, ఆ మాడ్యూల్ చూసుకునేవాళ్ల దగ్గరే తేలిపోతాయి.

సెక్యూరిటీ బగ్ దొరికితే?

ట్రాకర్‌లో పెట్టొద్దు. స్నేహితుల గ్రూపులోనూ పెట్టొద్దు. ప్రతి భాషకూ సెక్యూరిటీ బృందానికి రహస్యంగా చెప్పే దారి ఉంటుంది. వాళ్లు మందు తయారుచేసి, అప్పుడు రోగం పేరు బయటపెడతారు.

దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. పెద్ద సంఖ్యను దశాంశ అంకెల టెక్స్ట్‌గా, ఆ టెక్స్ట్‌ను తిరిగి సంఖ్యగా మార్చడంలో పైథాన్‌కు అంకెలు పది రెట్లైతే సమయం వంద రెట్లయ్యేది. లక్షల అంకెలు పంపి సర్వర్‌ను మంచాన పడేయొచ్చు. సెక్యూరిటీ లోపాల జాబితాలో దానికి ఇచ్చిన నంబరు 2020 నాటిది, దిద్దుబాటు వచ్చింది 2022 సెప్టెంబర్‌లో: 4,300 అంకెలు దాటితే ఎర్రర్. కావాలంటే ఆ పరిమితి మార్చుకోవచ్చు. గణితం చేసుకునేవాళ్లు ఉదయం లేచేసరికి నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఆగిపోయింది, ముందుగా అడగలేదేమని మండిపడ్డారు. ఇద్దరి వైపూ న్యాయం ఉందంటాను.

ఏఐతో రిపోర్ట్ రాయించి పంపొచ్చా?

ఇంగ్లీష్ దిద్దించుకోండి, తప్పులేదు. కానీ మీ చేత్తో మీ మెషిన్‌లో నడిపి చూడనిది ఒక్క వరుస కూడా పంపొద్దు. లేని బగ్ గురించి మూడు పేజీలు చదివి, అది లేదని తేల్చడానికి ఒక మనిషి ఆదివారం పోతుంది.

డబ్బులొస్తాయా?

నేరుగా రావు. కొందరికి కంపెనీలు జీతమిచ్చి ఇదే పని చేయిస్తాయి. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2021 నుంచి జీతం మీద డెవలపర్‌ను పెట్టుకుంది. విద్యార్థులకైతే స్టైపెండ్ ఇచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది, 2005 నుంచి నడుస్తోంది. ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు. ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం మాత్రం కష్టం.

నేను ఈ వారమే మొదలుపెట్టాలంటే?

కోడ్ రాయకండి. 'ఈజీ' అని లేబుల్ ఉన్నవి పెట్టిన గంటలోనే ఎవరో తన్నుకుపోతారు. ఎవరూ తాకని పాత రిపోర్ట్ ఒకటి తీసుకుని, అందులో ఉన్న కోడ్‌ను ఇవాళ్టి వర్షన్‌లో నడపండి. ఇంకా వస్తుంటే వస్తోందని, పోయి ఉంటే పోయిందని రాయండి. మొన్న చీమకుర్తి అబ్బాయి చేసింది ఇదే. ఎనిమిదేళ్ల నాటి రిపోర్ట్ కింద 'ఇప్పుడు రావట్లేదు' అని రెండు వాక్యాలు, వర్షన్ నంబరు రాశాడు. రాత్రి పన్నెండున్నరకు ఎవరో థ్యాంక్స్ చెప్పి దాన్ని మూసేశారు. మరుసటి శనివారం వస్తూ అరకిలో మైసూర్‌పాక్ తెచ్చాడు.